పాత కారులో కొత్త టచ్‌స్క్రీన్: కొనే ముందు నుంచి బిగించాక వరకు

పదేళ్లు నడిచిన కారులో ఇంజిన్ బాగానే ఉంటుంది, ఏసీ బాగానే ఉంటుంది. డ్యాష్‌బోర్డు మధ్యలో ఉన్న స్టీరియో ఒక్కటే కాలం చెల్లిపోతుంది. దారి కోసం ఫోన్‌ని ఏసీ వెంట్‌కి తగిలించుకుని, మలుపు వచ్చిన ప్రతిసారీ ఆ చిన్న తెర వైపు తొంగి చూస్తూ నడపాల్సి వస్తుంది. దీని కోసం కారు మార్చక్కర్లేదు. ఆండ్రాయిడ్ ఆటో, యాపిల్ కార్‌ప్లే పనిచేసే హెడ్ యూనిట్ (పాత స్టీరియో చోట కూర్చునే టచ్‌స్క్రీన్) ఒకటి, రివర్స్ కెమెరా ఒకటి వేయించుకుంటే రోజువారీ డ్రైవింగ్ చాలా తేలికవుతుంది.

షాపుకి వెళ్తే ముందుగా వినిపించేది స్క్రీన్ సైజు, ర్యామ్ ఎంత అనే మాటలు. నేను మాత్రం ముందు చూడమనేది స్క్రీన్ వెనక జరిగే పనిని. కారు ఒరిజినల్ తీగల్ని కోయకుండా కప్లర్ అనే ప్లగ్‌తో బిగించిన మామూలు యూనిట్ ఏళ్ల తరబడి పనిచేస్తుంది. తీగలు కోసి, మెలేసి, నల్ల టేపు చుట్టి బిగించినది ఎంత ఖరీదైన యూనిట్ అయినా ఏదో ఒక ఎండాకాలంలో ఇబ్బంది పెడుతుంది. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెలలో బయట పార్క్ చేసిన కారు డ్యాష్‌బోర్డు ఎంత కాలుతుందో తెలిసినవాళ్లకి ఆ టేపు జిగురు కరిగి ఊడిపోవడం వింతేమీ కాదు.

2011 నుంచి 2017 వరకు వచ్చిన మారుతి స్విఫ్ట్‌ని మనసులో పెట్టుకుని రాస్తున్నాను. మన రోడ్ల మీద ఇప్పటికీ అవి చాలా తిరుగుతున్నాయి. వేరే కారైనా పని వరస ఇదే, ఫ్రేమూ కప్లరూ మాత్రం మారతాయి.

1. ముందు కారుని కొలవండి

స్టీరియోల సైజు జర్మన్ డిన్ ప్రమాణం నుంచి వచ్చింది. సింగిల్ డిన్ ముఖం 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు. డబుల్ డిన్‌కి ఎత్తు రెట్టింపు, అంటే 100. 7 అంగుళాల టచ్‌స్క్రీన్లు ఎక్కువగా డబుల్ డిన్ సైజులో వస్తాయి. 9 అంగుళాలు, ఆపైన ఉన్నవి ఆ కారు మోడల్‌కే చేసిన ప్లాస్టిక్ ఫ్రేమ్‌తో కూర్చుంటాయి. స్విఫ్ట్‌లో కంపెనీ స్టీరియో ప్యానెల్ ఆకారంలోనే కలిసిపోయి వస్తుంది కాబట్టి ఏది కొన్నా ఫ్రేమ్ తప్పనిసరి.

వెడల్పు, ఎత్తు చూసుకుని లోతు మర్చిపోతారు చాలామంది. యూనిట్ వెనక కప్లర్లు, తీగల కట్ట, యాంటెన్నా పిన్ అన్నీ పట్టాలి. చోటు చాలకపోతే తీగల్ని కుక్కి బిగిస్తారు, ఆ ఒత్తిడికి ఏదో ఒక పిన్ వదులవుతుంది.

పెద్ద స్క్రీన్ కావాలనుకుంటే ఒకసారి డ్రైవర్ సీట్లో కూర్చుని ఊహించుకోండి. అది ఏసీ వెంట్‌కి అడ్డం వస్తుందా? హజార్డ్ లైట్ల స్విచ్ చేతికి అందకుండా పోతుందా? పై అంచు రోడ్డుని కప్పేస్తుందా? వీటిలో ఏ ఒక్కటి అవునన్నా 7 అంగుళాలే తీసుకోండి.

2. ఫోన్ మీద నడిచేదా, సొంతంగా నడిచేదా

మార్కెట్లో రెండు దారులున్నాయి. సోనీ, పయనీర్, జేవీసీ, కెన్‌వుడ్ లాంటి బ్రాండ్ల యూనిట్లలో ఎక్కువవి ఫోన్ మీద ఆధారపడతాయి. ఆండ్రాయిడ్ ఆటో గానీ కార్‌ప్లే గానీ పెట్టగానే మీ ఫోన్‌లోని మ్యాప్స్, పాటలు, కాల్స్ కారు తెర మీదకి వస్తాయి. దారి లెక్క వేసేది, ఇంటర్నెట్ ఇచ్చేది ఫోనే. రెండో రకం పూర్తి ఆండ్రాయిడ్ యూనిట్. అదే ఒక ట్యాబ్లెట్. యాప్స్ అందులోనే వేసుకోవచ్చు, జీపీఎస్ యాంటెన్నా దానితోనే వస్తుంది. ఇంటర్నెట్ కోసం సిమ్ స్లాట్ గానీ ఫోన్ హాట్‌స్పాట్ గానీ కావాలి.

నా సలహా సూటిగా చెబుతాను. కారు నడిపేది ఒకరిద్దరే, చేతిలో మంచి ఫోన్ ఉంది అంటే మొదటి రకం తీసుకోండి. సౌండ్ బాగుంటుంది, కీ తిప్పగానే లేస్తుంది, మ్యాప్స్ అప్‌డేట్లు ఫోన్‌తో పాటే వచ్చేస్తాయి. ఇంట్లో నలుగురు నడిపే కారు, లేదా డ్రైవర్ నడిపే ట్రావెల్స్ కారు అయితే, ఎవరి ఫోనూ అక్కర్లేకుండా దారి చూపే ఆండ్రాయిడ్ యూనిట్ సౌకర్యం.

ఆండ్రాయిడ్ యూనిట్ కొనేటప్పుడు కొన్ని జాగ్రత్తలున్నాయి. సెట్టింగుల్లో కనిపించే ఆండ్రాయిడ్ వెర్షన్‌ని, ర్యామ్‌ని పూర్తిగా నమ్మకండి. చవక యూనిట్లలో ఆ అంకెల్ని మార్చి చూపించడం ఉంది. షాపులోనే మ్యాప్స్ తెరిచి, వెనక పాట నడుస్తుండగా రివర్స్ కెమెరా పెట్టించి చూడండి. నత్తనడక నడిస్తే అక్కడే తెలిసిపోతుంది. 2 జీబీ ర్యామ్ ఉన్నది మ్యాప్స్‌కీ పాటలకీ కలిపి ఇరుగ్గా ఉంటుంది, 4 జీబీ అయితే నయం. తెర ఐపీఎస్ (ఏ వైపు నుంచి చూసినా రంగులు మారని) రకమేనా అని పక్క నుంచి చూసి తేల్చుకోండి. రంగులు వెలిసిపోయినట్టు కనిపిస్తే మధ్యాహ్నం ఎండలో ఆ తెర పనికిరాదు. ఇంకొకటి: బ్యాంకు యాప్‌లకి వాడే గూగుల్ అకౌంట్‌తో ఇందులో లాగిన్ అవ్వకండి. కారుకని విడిగా ఒక అకౌంట్ పెట్టుకోండి.

వైర్‌లెస్ ఆండ్రాయిడ్ ఆటో కావాలంటే ఫోన్‌లో ఆండ్రాయిడ్ 11 లేదా ఆ తర్వాతి వెర్షన్, 5 గిగాహెర్ట్జ్ వైఫై ఉండాలి. హాయిగానే ఉంటుంది గానీ దూర ప్రయాణాల్లో ఫోన్ వేడెక్కుతుంది, ఛార్జింగ్ పడిపోతుంది. హైదరాబాద్ నుంచి వైజాగ్ వెళ్లేటప్పుడు కేబుల్ పెట్టుకోవడమే మంచిది. ఛార్జింగ్ మాత్రమే చేసే కేబుల్‌తో ఆండ్రాయిడ్ ఆటో రాదు, డేటా కూడా పంపే కేబుల్ కావాలి. "యూనిట్ పాడైంది" అని షాపుకి తెచ్చే ఫిర్యాదుల్లో చాలావరకు చివరికి కేబుల్ దగ్గరే తేలతాయి.

3. కొనాల్సిన సామాను

యూనిట్ ఒక్కటే కొని ఇంటికి రాకండి. మీ కారు మోడల్, తయారైన సంవత్సరం చెప్పి ఫ్రేమ్, వైరింగ్ కప్లర్, యాంటెన్నా అడాప్టర్ మూడూ అడగండి. స్టీరింగ్ మీద బటన్లు ఉంటే అవి ఈ యూనిట్‌తో పనిచేస్తాయా, కారు సిగ్నళ్లని యూనిట్‌కి అర్థమయ్యేలా మార్చే క్యాన్‌బస్ బాక్స్ విడిగా కావాలా అని తేల్చుకోండి. రివర్స్ కెమెరా, దాని పొడవాటి వీడియో కేబుల్, యూనిట్ నుంచి గ్లవ్‌బాక్స్ దాకా వచ్చే యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్, బట్టతో చేసిన వైరింగ్ టేపు, వేడి చేస్తే ముడుచుకుని తీగ అతుకుని కప్పే హీట్ ష్రింక్ గొట్టాలు, జిప్ టైలు కూడా కావాలి. పనిముట్లలో ప్లాస్టిక్ ట్రిమ్ టూల్స్, స్టార్ స్క్రూడ్రైవర్, 10 మిల్లీమీటర్ల స్పానర్, మల్టీమీటర్ చాలు.

విజయవాడ ఆటోనగర్‌లో గానీ సికింద్రాబాద్ రాణీగంజ్‌లో గానీ తిరిగితే ఇవన్నీ దొరుకుతాయి. షాపువాళ్ల చేతే బిగించుకునేవాళ్లు పని మొదలుకాక ముందే ఒక మాట అనండి: "అన్నా, కారు తీగ ఒక్కటి కూడా కట్ చేయొద్దు. కప్లర్ లేకపోతే చెప్పండి, తెప్పించాకే చేద్దాం." ఈ మాటకి ముఖం మాడ్చుకునే షాపైతే వేరే షాపు చూసుకోవడమే మేలు. వారంటీలో ఉన్న కారుకి ఇది మరీ ముఖ్యం. తీగ కోసిన గుర్తు కనిపిస్తే ఎలక్ట్రికల్ సమస్య దేనికైనా షోరూం వాళ్లు వారంటీ ఇవ్వమనే అవకాశం ఉంది.

4. పాత స్టీరియో బయటికి

పాత స్టీరియో, దాని చుట్టుపక్కల ముందుగా నాలుగు ఫొటోలు తీసుకోండి. తర్వాత కీ తీసేసి, బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్‌ని 10 మిల్లీమీటర్ల స్పానర్‌తో విప్పండి. ముందు నెగెటివే విప్పాలి. పాజిటివ్ విప్పుతుండగా స్పానర్ బాడీకి తగిలితే పెద్ద నిప్పురవ్వలు వస్తాయి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారైతే కొన్ని నిమిషాలు ఆగి మొదలుపెట్టండి. డ్యాష్‌బోర్డు లోపల పసుపు రంగు కప్లర్లు కనిపిస్తే సాధారణంగా అవి ఎయిర్‌బ్యాగ్‌వి, వాటి జోలికి వెళ్లొద్దు.

స్టీరియో చుట్టూ ఉన్న ట్రిమ్ ప్యానెల్ ప్లాస్టిక్ క్లిప్పుల మీద నిలబడి ఉంటుంది. ప్లాస్టిక్ టూల్‌ని అంచులోకి దూర్చి, ఒక మూల నుంచి మొదలుపెట్టి, టక్ టక్‌మని ఒక్కో క్లిప్పు వదిలేదాకా నిదానంగా లాగండి. ఎక్కడైనా బిగుసుకుపోతే బలం పెట్టకండి, అక్కడ ఒక స్క్రూ దాక్కుని ఉంటుంది. ప్యానెల్ వెనక హజార్డ్ స్విచ్ తీగ ఉంటే కప్లర్ నొక్కి విడదీయండి. స్టీరియోని పట్టుకున్న స్క్రూలు తీసి ముందుకి లాగితే వెనక కప్లర్లు, యాంటెన్నా తీగ కనిపిస్తాయి.

5. తీగలు: తొందరపడకూడని చోటు ఇదే

కొత్త యూనిట్‌తో వచ్చే తీగల రంగులు చాలావరకు అన్ని కంపెనీలకీ ఒకటే. పసుపు ఎప్పుడూ కరెంటు ఉండే 12 వోల్టులు. ఎరుపు కీ తిప్పితేనే కరెంటు వచ్చే తీగ. నలుపు ఎర్త్. తెలుపు ముందు ఎడమ స్పీకర్, బూడిద రంగు ముందు కుడి, ఆకుపచ్చ వెనక ఎడమ, ఊదా వెనక కుడి. అదే రంగు మీద నల్ల గీత ఉంటే ఆ స్పీకర్ నెగెటివ్. నీలం తీగ యాంటెన్నాకి, తెల్ల గీత ఉన్న నీలం యాంప్లిఫయర్‌ని ఆన్ చేయడానికి. నారింజ రంగు తీగ హెడ్‌లైట్ వేసినప్పుడు తెర వెలుగు తగ్గడానికి.

ఈ రంగులు కారు వైపు తీగలకి వర్తించవు. ఒక్కో కార్ల కంపెనీది ఒక్కో లెక్క. కప్లర్ సరిగ్గా కూర్చున్నా సరే, మల్టీమీటర్‌తో తేల్చుకోండి. బ్యాటరీ తాత్కాలికంగా తగిలించి, కీ తీసి ఉండగా ఏ పిన్‌లో 12 వోల్టులకి పైగా చూపిస్తుందో అది పసుపుకి చేరాలి. కీ ఏసీసీ (ఇంజిన్ స్టార్ట్ కాకుండా స్టీరియోకి కరెంటు వచ్చే స్థానం) దాకా తిప్పినప్పుడు మాత్రమే కరెంటు వచ్చే పిన్ ఎరుపుకి చేరాలి. ఈ రెండూ తారుమారైతే కీ తీసిన ప్రతిసారీ రేడియో స్టేషన్లు, సెట్టింగులు చెరిగిపోతాయి. రెండూ కలిపి పసుపు చోట తగిలిస్తే కారు ఆపినా యూనిట్ నిద్రపోదు, బ్యాటరీ దిగిపోతుంది. పిన్‌లు తేలాక బ్యాటరీ మళ్లీ విప్పేసి కలపడం మొదలుపెట్టండి.

స్పీకర్ నెగెటివ్‌ని ఎప్పుడూ బాడీకి ఎర్త్ చేయకండి. ఈ యూనిట్లలో స్పీకర్ రెండు తీగలూ యాంప్లిఫయర్ చిప్ నుంచే వస్తాయి, ఎర్త్ చేస్తే చిప్ కాలిపోతుంది. ఫ్యూజు పోతే అదే ఆంపియర్ ఫ్యూజు వేయండి. పెద్దది వేస్తే ఫ్యూజుకి బదులు తీగ కాలుతుంది.

నారింజ తీగని చాలామంది మెకానిక్కులు వదిలేస్తారు. దాన్ని కచ్చితంగా కలిపించండి. అది లేకపోతే రాత్రి హైవే మీద తెర వెలుగు ముఖాన కొడుతూ ఉంటుంది, బయట చీకటిలో నడిచి వెళ్లే మనిషి కంటికి ఆనడు.

ఇక హ్యాండ్‌బ్రేక్ తీగ, అంటే హ్యాండ్‌బ్రేక్ వేసి ఉంటేనే వీడియో ఆడనిచ్చే తీగ సంగతి. దాన్ని నేరుగా ఎర్త్‌కి కలిపేస్తే కారు కదులుతున్నా వీడియో ఆడుతుంది. షాపుల్లో ఇది అడగకుండానే చేసి ఇస్తారు. వద్దని చెప్పండి, హ్యాండ్‌బ్రేక్ స్విచ్‌కే కలిపించండి. నడుపుతూ వీడియోలు చూడకూడదని, దారి తెలుసుకోవడానికి నావిగేషన్ వరకే మినహాయింపు అని 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనలు చెబుతున్నాయి. నిబంధన మాట పక్కనపెట్టినా, డ్రైవర్ కళ్ల ముందు సినిమా ఆడే కారులో నా పిల్లల్ని నేను ఎక్కించను.

కప్లర్ తీగల్ని యూనిట్ తీగలతో కలిపిన ప్రతి చోటా హీట్ ష్రింక్ వేసి, మొత్తం కట్టకి బట్ట టేపు చుట్టండి. ఇన్సులేషన్ టేపు ఎండకి జిగురు కారుతుంది, బట్ట టేపుకి ఆ బాధ లేదు, తీగలు ప్లాస్టిక్‌కి రాసుకుని వచ్చే గరగర శబ్దం కూడా ఉండదు.

6. జీపీఎస్, మైక్, కెమెరా

జీపీఎస్ యాంటెన్నా అగ్గిపెట్టెంత చతురస్రం. దాని పైముఖానికి ఆకాశం కనిపించాలి. ముందు అద్దం దగ్గర డ్యాష్‌బోర్డు పైన, లేదా పైప్లాస్టిక్ కిందే పెట్టొచ్చు గానీ దాని పైన లోహపు పట్టీ ఏదీ ఉండకూడదు. స్టీరియో వెనక పడేసి మూసేస్తే దారి తప్పుతుంది. హైదరాబాద్ లాంటి నగరంలో ఈ తేడా బాగా తెలుస్తుంది. ఔటర్ రింగ్ రోడ్డు పక్కనే సర్వీస్ రోడ్డు, పీవీ ఎక్స్‌ప్రెస్‌వే కింద మామూలు రోడ్డు ఉన్నాయి. జీపీఎస్ కొద్ది మీటర్లు తప్పినా మీరు ఏ రోడ్డు మీద ఉన్నారో యూనిట్‌కి తెలియదు. కొత్త యూనిట్‌ని మొదటిసారి ఆన్ చేసినప్పుడు కారుని ఆరుబయట పెట్టి కాసేపు ఆగండి. ఉపగ్రహాల వివరాలన్నీ అందుకోవడానికి దానికి పదీ పన్నెండు నిమిషాలు పట్టొచ్చు.

మైక్‌ని స్టీరింగ్ కాలమ్ పైన గానీ ముందు అద్దం పక్క స్తంభం మీద గానీ పెట్టండి. ఆ స్తంభంలో కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉంటే తీగని దానికి అడ్డంగా పోనివ్వకండి. మైక్ ఏసీ వెంట్ ఎదురుగా ఉంటే అవతలివాళ్లకి గాలి హోరు తప్ప ఏమీ వినిపించదు.

2019 జూలై 1 తర్వాత తయారైన కార్లకి రివర్స్ సెన్సార్లు తప్పనిసరి. అంతకు ముందు కార్లకి చాలావరకు అవీ ఉండవు. కాబట్టి ఈ పని చేయించేటప్పుడే కెమెరా వేయించుకోండి. కెమెరా కరెంటు రివర్స్ లైటు తీగ నుంచి వస్తుంది. వీడియో కేబుల్‌ని డోర్ గుమ్మాల కింద ప్లాస్టిక్ పట్టీల లోపల నుంచి లాగాలి. డిక్కీ తలుపు దగ్గర రబ్బరు గొట్టం లోపలి నుంచే తీసుకెళ్లాలి, బయట వదిలేస్తే తలుపు మూసినప్పుడల్లా నలిగి తెగిపోతుంది. బొమ్మ రాకపోయినా, గీతలు గీతలుగా వచ్చినా కెమెరా పోయిందనుకోకండి. యూనిట్ సెట్టింగుల్లో కెమెరా రకం మార్చి చూడండి. పాత రకం కెమెరాలు, ఎక్కువ స్పష్టత ఇచ్చే ఏహెచ్‌డీ కెమెరాలు వేర్వేరు సిగ్నల్ పంపుతాయి.

7. ప్యానెల్ మూయక ముందే పరీక్ష

తీగలు బయటికి వేలాడుతుండగానే బ్యాటరీ కలిపి అన్నీ చూసుకోండి. రివర్స్ గేర్ వేస్తే కెమెరా రావాలి. హెడ్‌లైట్ వేస్తే తెర మసకబారాలి. స్టీరింగ్ బటన్లని సెట్టింగుల్లో ఒక్కొక్కటిగా నేర్పించాలి.

స్పీకర్లకి ఒక చిన్న పరీక్ష ఉంది. సెట్టింగుల్లో బ్యాలెన్స్ (ఎడమ-కుడి), ఫేడర్ (ముందు-వెనక) ఒక్కో మూలకి జరిపి, ఎడమ అన్నది నిజంగా ఎడమే పలుకుతోందా చూడండి. తర్వాత మధ్యకి తెచ్చి తబలా, డోలక్ బాగా ఉన్న పాట పెట్టండి. ఒకవైపే విన్నప్పుడు ఉన్న దరువు రెండువైపులా కలిపి విన్నప్పుడు పలచబడిందంటే ఒక స్పీకర్ తీగలు తిరగబడ్డాయి. ఏదో తేల్చడానికి స్పీకర్ తీగల్ని యూనిట్ నుంచి విడదీసి, వాటికి 1.5 వోల్టుల పెన్సిల్ బ్యాటరీ ఒక్క క్షణం తాకించండి. బ్యాటరీ పాజిటివ్ తగిలిన తీగ స్పీకర్ పాజిటివ్ అయితే కోన్ బయటికి కదులుతుంది. లోపలికి పోతే తిరగేసి కలపండి. కొత్త స్పీకర్లు కొందామని బయల్దేరే ముందు ఈ పరీక్ష చేయండి, చాలామందికి ఆ ఖర్చు తప్పుతుంది.

యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ పెరిగే సన్నని కూత వినిపిస్తే అది చాలావరకు ఎర్త్ లోపమే. నల్ల తీగని రంగు గీకిన గట్టి లోహానికి బోల్టుతో బిగించండి.

8. మ్యాప్స్, రేడియో, పాటలు

మన్ననూరు దాటి నల్లమలలోకి వెళ్లాక, మారేడుమిల్లి ఘాట్ ఎక్కాక ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకూడదు. బయల్దేరే ముందు ఇంట్లో వైఫై మీద గూగుల్ మ్యాప్స్‌లో ఆ ప్రాంతం ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకోండి. ట్రాఫిక్ కనిపించదు గానీ దారి చూపిస్తుంది. దించిన మ్యాప్‌కి గడువు ఉంటుంది, అప్పుడప్పుడు అప్‌డేట్ చేస్తూ ఉండాలి. ఆండ్రాయిడ్ యూనిట్ ఉన్నవాళ్లు ఆర్గానిక్ మ్యాప్స్ కూడా వేసుకోండి. ఉచితం, ఇంటర్నెట్ లేకుండానే నడుస్తుంది. నాన్నగారో మామగారో నడిపే కారైతే మ్యాప్స్ సెట్టింగుల్లో నావిగేషన్ గొంతుని తెలుగుకి మార్చి ఇవ్వండి. తెర చూడకుండా మాట విని మలుపు తిరగడం పెద్దవాళ్లకి చాలా నయం.

రేడియోలో ప్రాంతం అమెరికా అని ఉంటే మార్చండి. ఆ లెక్కలో స్టేషన్లు 0.2 మెగాహెర్ట్జ్ దూరంలో బేసి అంకెల మీదే ఉంటాయి. 98.3 దొరుకుతుంది, హైదరాబాద్ వివిధ భారతి 102.8 సరిగ్గా తగలదు. యూరప్ లేదా ఆసియా పెడితే సరిపోతుంది. ఏ స్టేషనూ స్పష్టంగా రాకపోతే నీలం తీగ చూడండి. యాంటెన్నాలో బూస్టర్ ఉన్న కార్లలో దానికి కరెంటు అక్కడి నుంచే అందాలి.

బాక్సు మీద 50 వాట్లు చొప్పున నాలుగు అని రాసి ఉంటుంది. అది గరిష్ఠం, ఆగకుండా ఇవ్వగలిగేది 20 వాట్లకి అటూ ఇటుగానే. అందుకే వాల్యూమ్ చివరిదాకా తిప్పితే గొంతు పగిలినట్టు వస్తుంది. ఈక్వలైజర్‌లో అన్నీ పైకి లేపడం మానేసి, హైపాస్ ఫిల్టర్ ఉంటే డోర్ స్పీకర్లకి 80 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. చిన్న స్పీకర్ మోయలేని బేస్ దాని మీద పడదు, పాటలో మాట స్పష్టంగా వినిపిస్తుంది. పెన్‌డ్రైవ్ చదవకపోతే దాన్ని ఫ్యాట్ 32కి ఫార్మాట్ చేయండి. పాటల పేర్లు తెలుగులో ఉంటే కొన్ని యూనిట్లు ఖాళీ గడులు చూపిస్తాయి, అలాంటప్పుడు ఫైల్ పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టుకోవడమే దారి.

9. బ్యాటరీ తాగేస్తోందా?

ఆండ్రాయిడ్ యూనిట్లు త్వరగా లేవడం కోసం కీ తీశాక పూర్తిగా ఆగవు, నిద్రలో ఉంటాయి. ఆ నిద్రలో ఎంత కరెంటు లాగుతున్నాయో ఒకసారి కొలవాలి. కారు ఆపి, తలుపులు మూసి, అరగంట వదిలేయండి. మల్టీమీటర్‌ని 10 ఆంపియర్ల గడిలో పెట్టి, బ్యాటరీ నెగెటివ్ టెర్మినల్‌కీ విప్పిన తీగకీ మధ్య కలపండి. కలిపిన క్షణంలో అన్నీ లేస్తాయి కాబట్టి మళ్లీ కొంతసేపు ఆగి చూడండి. మీటర్ తగిలించి ఉండగా కారు స్టార్ట్ చేయకూడదు, మీటర్ ఫ్యూజు పోతుంది. 50 మిల్లీఆంపియర్ల లోపు ఉంటే టెన్షన్ అక్కర్లేదు. అంతకంటే బాగా ఎక్కువ ఉంటే యూనిట్ ఫ్యూజు తీసి మళ్లీ చూడండి. అంకె పడిపోతే దొంగ దొరికినట్టే. సెట్టింగుల్లో స్లీప్ సమయం తగ్గించండి, లేదా కీ తీయగానే పూర్తిగా ఆగేలా పెట్టండి. అప్పుడు కీ తిప్పాక తెర లేవడానికి కొంచెం ఎక్కువసేపు పడుతుంది, అంతే. సంక్రాంతికి కారు అపార్ట్‌మెంట్‌లో వదిలి రైల్లో ఊరెళ్లేవాళ్లు ఈ కొలత తప్పకుండా చేసుకోవాలి.

పాత స్టీరియోని, దాని స్క్రూలతో సహా, అట్టపెట్టెలో పెట్టి దాచండి. తీగలు కోయలేదు కాబట్టి కారు అమ్మే రోజున మళ్లీ అరగంటలో బిగించి, కొత్త యూనిట్‌ని మీరు ఉంచేసుకోవచ్చు. కారుతో పాటే ఇచ్చేస్తున్నట్టయితే ముందు ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. మీ ఇంటి అడ్రసు, ఫోన్ నంబర్లు, వెళ్లొచ్చిన ఊళ్లన్నీ అందులోనే ఉంటాయి.